ఆ లెక్క ఎవరు కట్టారు? అమెరికా వార్తలపై పాఠకుల ప్రశ్నలు

అమెరికా వార్తల గురించి వచ్చే ఉత్తరాలు ఈమధ్య బాగా పెరిగాయి. పిల్లలు అక్కడ చదువుతున్న తల్లిదండ్రులు, ఏజెన్సీ కాపీని తెలుగు చేసే డెస్కు వాళ్లు, ఊరికే కుతూహలం కొద్దీ అడిగేవాళ్లు ఇలా ఎందరో రాస్తున్నారు. ఒకే విషయానికి ఒక్కో చోట ఒక్కో అంకె ఎందుకు కనబడుతుందన్నదే చాలామంది అనుమానం. వీలైనన్నింటికి ఈ నెల జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్తున్నాడు. అమెరికాలో ఏడాదికి ఆరు వందలకు పైగా సామూహిక కాల్పులు జరుగుతాయని ఒక ఛానల్లో విన్నాను. యాభైకి మించవని ఒక పేపర్లో చదివాను. ఏది నమ్మాలి? భయంగా ఉంది.
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: 2023 లెక్క తీసుకుంటే రెండూ నిజమేనమ్మా. లెక్క కట్టినవాళ్లు వేరు, లెక్కలో వేసుకున్నవి వేరు.

ఆరు వందలు దాటిన అంకె గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే స్వచ్ఛంద సంస్థది. కాల్చినవాణ్ని మినహాయించి, ఒకే ఘటనలో నలుగురికో అంతకు మించో తూటాలు తగిలితే చాలు, ఒక్క ప్రాణం పోకపోయినా అది వాళ్ల జాబితాలోకి ఎక్కుతుంది. అర్ధరాత్రి పార్టీలో తగువు, ముఠాల కొట్లాట, ఇంట్లోవాళ్లను కాల్చి తననూ కాల్చుకున్న మనిషి, అన్నీ అందులోనే. 2023లో అవి 650 దాటాయి. ఎఫ్‌బీఐ ‘యాక్టివ్ షూటర్’ లెక్క వేరు. జనం తిరిగే చోట మనుషుల్ని చంపడానికి తుపాకీతో తెగబడిన ఘటనలనే అది తీసుకుంటుంది. ముఠా తగాదాలను, మత్తుమందుల గొడవలను, నాలుగు గోడల మధ్య కుటుంబ కలహాలను పక్కన పెడుతుంది. ఆ లెక్కన 2021లో 61, 2022లో 50, 2023లో 48. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ, యూఎస్‌ఏ టుడే, నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ కలిసి నడిపే జాబితా ఇంకొకటి ఉంది. 24 గంటల్లో కనీసం నలుగురు చనిపోతేనే అందులో చేరుస్తారు. మన టీవీ స్క్రోలింగులో మాత్రం ఈ మూడింటికీ ఒకటే పేరు.

దీనివల్ల ఎంత గందరగోళం పుడుతుందో 2018లో చూశాం. ఆ ఏడాది ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలో పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయారు. కొన్ని గంటల్లోనే ‘ఈ ఏడాదిలో ఇది 18వ స్కూల్ కాల్పుల ఘటన’ అన్న మాట దేశమంతా పాకింది. తుపాకుల నియంత్రణ కోరే ఎవ్రీటౌన్ సంస్థ ఇచ్చిన అంకె అది. వాషింగ్టన్ పోస్ట్ ఒక్కొక్క ఘటననూ విప్పి చూసింది. నెలల కిందటే మూతపడిన ఒక బడి పార్కింగ్ స్థలంలో జరిగిన ఆత్మహత్య కూడా అందులో ఉందని తేలింది. తుపాకీ పేలింది, స్థలం బడిది కాబట్టి ఆ సంస్థ పెట్టుకున్న నిర్వచనం ప్రకారం తప్పు పట్టలేం. విన్నవాళ్లు మాత్రం 18 పార్క్‌ల్యాండ్‌లను ఊహించుకున్నారు.

టీవీలో కనబడనిది ఇంకొకటి. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల 46,728 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దగ్గరున్న మరణ ధ్రువపత్రాలు చెబుతున్నాయి. అందులో సుమారు 27,300 ఆత్మహత్యలే, అంటే సగం కంటే చాలా ఎక్కువ. హత్యలు సుమారు 17,900. కెమెరాలన్నీ పరుగెత్తే సామూహిక కాల్పుల్లో పోయినవాళ్లు ఈ మొత్తంలో చాలా చిన్న భాగం. ఆత్మహత్య వార్తలను పత్రికలు తగ్గించి రాయడానికి మంచి కారణమే ఉంది. వివరంగా రాస్తే చూసి ఇంకొకరు చేసుకుంటారన్న జాగ్రత్త అది. అయితే ఆ మౌనం వల్లే పాఠకుడికి బొమ్మ తలకిందులుగా కనబడుతోంది.

ఇక మీ అబ్బాయి సంగతి. క్లెరీ చట్టం ప్రకారం అక్కడి యూనివర్సిటీలు ఏటా అక్టోబర్ 1 లోగా మూడేళ్ల నేరాల లెక్కను ప్రకటించి తీరాలి. యూనివర్సిటీ పేరు పక్కన ‘యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్’ అని వెతికితే దొరుకుతుంది. చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. క్యాంపస్, హాస్టళ్లు, యూనివర్సిటీ ఆస్తులు, వాటిని ఆనుకుని ఉన్న రోడ్లు మాత్రమే ఆ లెక్కలో ఉంటాయి. మన పిల్లలు నలుగురు కలిసి అద్దెకుండే అపార్ట్‌మెంట్ రెండు మైళ్ల దూరంలో ఉంటే అక్కడి దొంగతనం అందులో కనబడదు. దానికి ఆ ఊరి పోలీసు శాఖ వెబ్‌సైట్లో నేరాల మ్యాపు చూడాలి. అద్దె ఒప్పందం మీద సంతకం చేసే ముందే చూడమనండి, తర్వాత చూసి లాభం లేదు.

టెక్సస్‌లో 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లో తుపాకీని బయటికి కనబడకుండా దగ్గర ఉంచుకోవచ్చు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే అక్కడికి వెళ్లాక ఎవరో చెప్పగా ఉలిక్కిపడడు. క్యాంపస్ అత్యవసర ఎస్సెమ్మెస్‌లకు మొదటి వారంలోనే పేరు నమోదు చేసుకోవాలి. అన్నిటికంటే ముందు కారు, సీటు బెల్టు, రాత్రి డ్రైవింగ్ గురించి చెప్పండి. 2023లో అమెరికా రోడ్ల మీద 40 వేల మందికి పైగా చనిపోయారు. తుపాకీ హత్యలకు రెట్టింపు కంటే ఎక్కువ అది.

ప్రశ్న: అమెరికాలో నేరాలు తగ్గాయని ఒక పార్టీ, పెరిగాయని ఇంకో పార్టీ. ఇద్దరూ ప్రభుత్వ లెక్కలే చూపిస్తారు. ఇదెలా సాధ్యం?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: ప్రభుత్వ లెక్కలు రెండున్నాయి మాస్టారూ, ఆ రెండూ వేర్వేరు సంగతుల్ని కొలుస్తాయి. మొదటిది ఎఫ్‌బీఐది. దేశంలోని సుమారు 18 వేల పోలీసు శాఖలు తమకందిన ఫిర్యాదుల లెక్కను దానికి పంపుతాయి. పంపి తీరాలన్న ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ నిర్బంధం లేదు. రెండోది న్యాయ శాఖ గణాంక విభాగం చేసే బాధితుల సర్వే, 1973 నుంచి నడుస్తోంది. ఏటా రెండు లక్షల మందికి పైగా మనుషుల్ని ‘మీకేమైనా జరిగిందా, పోలీసులకు చెప్పారా’ అని అడుగుతారు. హింసాత్మక నేరాల్లో సగం కూడా పోలీసుల దాకా వెళ్లవని ఆ సర్వేలోనే తేలుతుంది. అయితే అందులో హత్యలుండవు, చనిపోయినవాణ్ని అడగలేరు కదా. ఇల్లు లేనివాళ్లూ ఉండరు, సర్వే ఇళ్లకే వెళ్తుంది.

2022లో ఈ రెండూ ఎదురెదురు దిక్కులకు వెళ్లాయి. హింసాత్మక నేరాలు కొద్దిగా తగ్గాయని ఎఫ్‌బీఐ మొదట చెబితే, వెయ్యి మందికి 16.5 నుంచి 23.5కి పెరిగాయని సర్వే చెప్పింది. ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుపోయారు. దానికి ముందు ఏడాదిది ఇంకో తంటా. 2021లో ఎఫ్‌బీఐ పాత పద్ధతి మానేసి కొత్త నమోదు విధానానికి మారింది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసులు అప్పటికి మారలేదు. దేశంలోకెల్లా పెద్ద నగరాలు రెండూ లేని లెక్క అది. కాబట్టి 2021తో ఏ ఏడాదినైనా పోల్చిన వార్త కనబడితే ఒక అడుగు వెనక్కి వేయండి.

మా సలహా హత్యల సంఖ్య చూడమని. శవాన్ని దాచడం కష్టం, సీడీసీ మరణ ధ్రువపత్రాలతో సరిచూసుకునే వీలుంది. 2020లో హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. ఒక్క ఏడాదిలో అంత పెరుగుదల అంతకు ముందు నమోదు కాలేదు. 2023లో 11 శాతం పైన, 2024లో సుమారు 15 శాతం తగ్గాయి. ఇవి వివాదం లేని అంకెలు. అయినా జనం అభిప్రాయం వేరే దారిలో నడుస్తుంది. 1993 నుంచి 2023 దాకా గ్యాలప్ సంస్థ చేసిన 27 సర్వేల్లో 23 సార్లు, నిరుటి కంటే దేశంలో నేరాలు పెరిగాయని కనీసం 60 శాతం మంది చెప్పారు. అదే కాలంలో ఎఫ్‌బీఐ లెక్కన హింసాత్మక నేరాల రేటు సుమారు సగానికి పడిపోయింది. మీ పేటలో ఎలా ఉందని అడిగితే పెరిగాయనేవాళ్లు బాగా తగ్గుతారు. తమ వీధిని కళ్లతో చూస్తారు, దేశాన్ని టీవీలో చూస్తారు.

వ్యాపార సంఘాల అంకెలతో ఇంకా జాగ్రత్త కావాలి. 2021లో దుకాణాలకు సరుకు రూపంలో వచ్చిన 9,450 కోట్ల డాలర్ల నష్టంలో దాదాపు సగం ముఠా దొంగతనాల వల్లేనని నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 2023లో ఒక నివేదికలో చెప్పింది. పగలగొట్టిన అద్దాల వీడియోల కింద ఆ అంకె నెలల తరబడి తిరిగింది. డిసెంబరులో ఆ మాటను సంఘమే వెనక్కి తీసుకుంది. నష్టంలో ఉద్యోగుల చేతివాటం, బిల్లింగ్ తప్పులు, పాడైన సరుకు కూడా కలిసి ఉంటాయి. వెనక్కి తీసుకున్న వార్త లోపలి పేజీలోకి పోయింది, మొదటిది మొదటి పేజీలోనే మిగిలింది.

శాతాల దగ్గర ఇంకో మాట. చిన్న ఊళ్లో నిరుడు రెండు హత్యలు, ఈ ఏడాది మూడు అయితే యాభై శాతం పెరుగుదల. శాతం పక్కన అసలు సంఖ్య ఇవ్వని వార్తను నమ్మే ముందు ఆ సంఖ్యను వెతకండి.

ప్రశ్న: ఫెంటనిల్ పొడి చేతికి తగలగానే పోలీసు కుప్పకూలిపోయే వీడియో చూశాం. నిజమా?
(మెడికల్ షాపు యజమాని, నిజామాబాద్)

జవాబు: ఫెంటనిల్ చాలా బలమైన నొప్పి మందు, మత్తుకూ వాడతారు. పడిపోవడం నిజం కావచ్చు, కారణం మాత్రం అది కాదు. పొడి చర్మానికి తగిలినంత మాత్రాన ఒంట్లోకి ఎక్కి స్పృహ తప్పించేంత వేగంగా ఇంకదని అమెరికా టాక్సికాలజీ వైద్యుల సంఘం 2017లోనే స్పష్టం చేసింది. ఫెంటనిల్ ప్యాచ్‌లు అమ్మేవాళ్లకు ఇది తెలుసు, ప్రత్యేకంగా తయారుచేసిన ప్యాచ్‌కే మందు ఎక్కడానికి గంటలు పడుతుంది. ఆ వీడియోల్లో కనబడే దడ, తల తిరగడం, ఊపిరి ఎగబీల్చడం భయం లక్షణాలు. ఫెంటనిల్‌లాంటి నల్లమందు తరహా మందు (ఓపియాయిడ్) ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. పోలీసు శాఖ ప్రకటనను స్థానిక టీవీలు డాక్టరును అడగకుండా ప్రసారం చేయడం వల్ల వచ్చిన తిప్పలివి. నష్టం ఏమిటంటే, పడిపోయినవాణ్ని ముట్టుకుంటే తమకూ ఏదో అవుతుందని పక్కనున్నవాళ్లు వెనకాడతారు. దానికి విరుగుడైన నాలోక్సోన్ ముక్కు స్ప్రేను 2023 నుంచి అక్కడ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. ఆ నిమిషంలో కావలసింది అది, దానితో పాటు 911కు ఫోన్.

ప్రశ్న: అమెరికా పోలీసు, కోర్టు వార్తల్ని ఏజెన్సీ కాపీ నుంచి తెలుగు చేస్తుంటాను. డెస్కులో తరచూ జరిగే తప్పులేమిటి?
(సబ్ ఎడిటర్, హైదరాబాద్)

జవాబు: అన్నిటికంటే పెద్దది, పోలీసుల మొదటి ప్రకటనను జరిగిన ఘటనగా రాసేయడం. 2020 మే 25న మినియాపొలిస్ పోలీసులు ఇచ్చిన ప్రకటన శీర్షిక చూడండి: పోలీసులతో వ్యవహారం నడుస్తుండగా వైద్యపరమైన ఇబ్బందితో వ్యక్తి మృతి అన్నది దాని సారాంశం. ఆ వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్. పోలీసు అధికారి అతని మెడ మీద మోకాలు మోపిన సంగతి అందులో ఎక్కడా లేదు. దారిన పోతున్న 17 ఏళ్ల అమ్మాయి డార్నెల్లా ఫ్రేజియర్ ఫోన్లో తీసిన వీడియో లేకపోతే వార్త అక్కడే ఆగిపోయేది. 2021లో ఆమెకు పులిట్జర్ ప్రత్యేక ప్రశంస ఇచ్చారు. కాబట్టి ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న ముక్కను నిడివి తగ్గించే తొందరలో కొట్టేయకండి. కాల్చింది పోలీసు అని తేలిపోతే కర్త లేని వాక్యం రాయకండి, ‘కాల్పులు చోటుచేసుకున్నాయి’ అంటే ఎవరు కాల్చారో పాఠకుడికి తెలియదు.

పోలీసుల చేతిలో ఏటా ఎందరు చనిపోతున్నారన్న పూర్తి ప్రభుత్వ లెక్క అక్కడ లేదు. ఎఫ్‌బీఐ 2019లో మొదలుపెట్టిన సేకరణ కూడా శాఖల ఇష్టం మీదే నడుస్తోంది. వాషింగ్టన్ పోస్ట్ 2015 నుంచి 2024 దాకా వార్తలు, రికార్డులు కలిపి ఒక్కొక్క కాల్పుల మరణాన్నీ నమోదు చేస్తే ఏడాదికి సుమారు వెయ్యి తేలాయి. ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్నవి అందులో సగం కూడా లేవు. ‘అమెరికా ప్రభుత్వ గణాంకాల ప్రకారం’ అని ఈ అంకెకు తగిలించడం మన పేపర్లలో మామూలైపోయింది.

తర్వాతది కేసు మెట్లు. అరెస్టు ఒక మెట్టు. జిల్లా ప్రాసిక్యూటర్ అభియోగం మోపడం ఇంకొకటి, ఈయనను చాలాచోట్ల జనమే ఓటేసి ఎన్నుకుంటారు. తీవ్ర నేరాల్లో, ఫెడరల్ కేసులకూ టెక్సస్‌లాంటి రాష్ట్రాల్లోనూ, గ్రాండ్ జ్యూరీ (మామూలు పౌరుల బృందం) అభియోగపత్రాన్ని ఆమోదించాలి. అక్కడ నిందితుడి తరఫు లాయరు వాదించడు, కాబట్టి గ్రాండ్ జ్యూరీ ఒప్పుకుందంటే నేరం రుజువైనట్టు కాదు. ఆ తర్వాత కోర్టులో నేరం ఒప్పుకుంటావా లేదా అని అడుగుతారు. మొదటిసారి ‘నేను నిర్దోషిని’ అనడం దాదాపు లాంఛనమే, దాన్ని పెద్ద శీర్షిక చేయనక్కర్లేదు. శిక్షలు పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా విచారణ దాకా రావు, బేరసారాలతో నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి.

‘తెలుగు యువకుడికి 120 ఏళ్ల జైలు?’ తరహా శీర్షికలు ఎలా పుడతాయో చెబుతాను. ప్రాసిక్యూటర్ ప్రకటన చివర ఒక్కో అభియోగానికి చట్టం అనుమతించే గరిష్ఠ శిక్ష ఉంటుంది. ఆరు అభియోగాలు, ఒక్కోదానికి ఇరవై ఏళ్లు. మనవాళ్లు గుణించేస్తారు. నిజానికి ఫెడరల్ జడ్జి శిక్షల మార్గదర్శకాల పట్టిక చూస్తాడు, చాలాసార్లు శిక్షలన్నీ కలిసే నడుస్తాయి. గరిష్ఠం రాయాల్సి వస్తే ఒక్కో అభియోగానికి విడిగా రాయండి, కూడొద్దు.

కౌంటీ (మన జిల్లాలాంటిది) జైలులో ఉన్నాడంటే శిక్ష పడ్డట్టు కాదు. అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది విచారణ కోసం ఎదురుచూసేవాళ్లే, బెయిలు సొమ్ము కట్టలేనివాళ్లూ ఉంటారు. ఇమ్మిగ్రేషన్ అధికారులు వీసా విషయంలో నిర్బంధించడం సివిల్ వ్యవహారం, దాన్ని ‘నేరం కింద అరెస్టు’ అని రాస్తే ఊళ్లో ఆ కుటుంబం తలెత్తుకోలేదు. చిన్న నేరాల్లో తర్వాత ఏమైందో తాము వెంటబడి రాయలేమనుకున్నప్పుడు నిందితుడి పేరు వేయకూడదని అసోసియేటెడ్ ప్రెస్ 2021లో నిర్ణయించుకుంది. మన డెస్కుల్లోనూ ఆ పద్ధతి రావాలని మా కోరిక.

ప్రశ్న: ఫిలడెల్ఫియా వీధుల్లో జనం వంగిపోయి నిలబడి ఉన్న వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. అమెరికా అంతా అలాగే ఉందా?
(డిగ్రీ విద్యార్థి, కాకినాడ)

జవాబు: ఆ వీడియోల్లో చాలావరకు ఒక్క పేటవే, కెన్సింగ్టన్. ఫెంటనిల్‌లో జైలజీన్ అనే పశువుల మత్తుమందు కలిపి అమ్మడంతో పేరుకెక్కిన చోటు. వ్యూస్ వస్తాయని దేశం నలుమూలల నుంచి కెమెరాలు అక్కడికే వెళ్తాయి. వాటిలో కనబడేవాళ్లందరూ రోగులే, చాలామంది మొహం దాచుకోలేని స్థితిలో ఉన్నవాళ్లు. అనుమతి అడిగే పద్ధతి ఆ ఛానళ్లకు లేదు.

ఇల్లు లేనివాళ్ల అసలు లెక్క జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి తీస్తారు. వాలంటీర్లు టార్చిలైట్లు పట్టుకుని వంతెనల కింద, పార్కుల్లో, కార్లలో పడుకున్నవాళ్లను లెక్కిస్తారు, షెల్టర్లు తమ జాబితా ఇస్తాయి. 2023లో 6,53,104 మంది, 2024లో 7,71,480 మంది. పద్దెనిమిది శాతం పెరిగింది. అద్దెలు, ముగిసిన కోవిడ్ సాయం, కొన్ని నగరాల షెల్టర్లలోకి వచ్చిన శరణార్థులు అన్నీ కలిశాయి ఇందులో. గడ్డకట్టే చలిలో ఎవరు ఎక్కడ దాక్కున్నారో తెలియదు కాబట్టి ఇది కనిష్ఠ సంఖ్యే. చుట్టాల సోఫా మీద పడుకుంటున్న కుటుంబం ఇందులోకి రాదు. విద్యా శాఖ మాత్రం అలాంటి పిల్లల్నీ కలుపుకుంటుంది, అందుకే బడి పిల్లల్లోనే ఇల్లు లేనివాళ్లు పన్నెండు లక్షలు దాటతారు. ఇక్కడా అదే తంతు. ఒక శాఖ మొత్తం దేశానికి ఎనిమిది లక్షల లోపు అంటుంది, ఇంకో శాఖ పిల్లలే అంతకంటే ఎక్కువ అంటుంది, ఎవరూ అబద్ధమాడలేదు.

2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు 6-3 తీర్పుతో బహిరంగ స్థలాల్లో పడుకోవడాన్ని ఊళ్లు శిక్షించవచ్చని చెప్పింది. అప్పటినుంచి ‘గుడారాలు మాయం’ అన్న వార్తలు ఎక్కువయ్యాయి. గుడారం తీసేస్తే మనిషి ఎక్కడికి పోయాడో రాసిన రిపోర్టరు దొరికితే ఆ వార్త చదవండి.

ప్రశ్న: ఫాక్స్ చూడాలా, సీఎన్ఎన్ చూడాలా? ఇంట్లో మామగారికీ మాకూ రోజూ ఇదే గొడవ.
(ఒక గృహిణి, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: రెండింటి రాత్రి కార్యక్రమాల్లోనూ వార్త తక్కువ, వ్యాఖ్యానం ఎక్కువ. అక్కడ కూర్చున్నవాళ్లు రిపోర్టర్లు కారని తెలిసి చూస్తే ఫర్వాలేదు. ఓటింగ్ యంత్రాల మీద ప్రసారం చేసిన ఆరోపణలకు ఫాక్స్ 2023 ఏప్రిల్‌లో ఆ యంత్రాలు తయారుచేసిన డొమినియన్ కంపెనీకి 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. ఈ సంగతి మామగారికి నెమ్మదిగా చెప్పండి. మీ పక్షం ఛానల్ కూడా మీకు నచ్చేదే వినిపిస్తుందని ఒప్పుకుంటే గొడవ సగం తగ్గుతుంది.

మీ ఆస్తి పన్ను, పిల్లల బడి సరిహద్దులు, ఇంటి వెనక రాబోయే రోడ్డు గురించి ఈ రెండు ఛానళ్లూ ఏనాడూ చెప్పవు. స్థానిక పత్రికలే అసలు కొరత. 2005 నుంచి అమెరికాలో 3,200కు పైగా పత్రికలు మూతపడ్డాయి, రెండు వందలకు పైగా కౌంటీల్లో స్థానిక వార్తలిచ్చేవాళ్లే లేరు. మీరు అదృష్టవంతులు. మీ ఊరికి కమ్యూనిటీ ఇంపాక్ట్ పత్రిక ఉంది, డాలస్ మార్నింగ్ న్యూస్ ఉంది, కేఈఆర్ఏ రేడియో ఉంది, రాష్ట్ర రాజకీయాలకు లాభాపేక్ష లేని టెక్సస్ ట్రిబ్యూన్ ఉచితం. స్థానిక టీవీ చూసేటప్పుడు దాని యజమాని ఎవరో చూడండి. 2018లో సింక్లెయిర్ కంపెనీ తన స్టేషన్లలోని యాంకర్ల చేత ఒకే స్క్రిప్టు చదివించింది. పదుల ఊళ్లలో అవే మాటలని క్లిప్పులు పక్కపక్కన పెట్టి చూపించేదాకా ప్రేక్షకులకు తెలియలేదు.

ప్రశ్న: ‘అమెరికాలో మరో తెలుగు విద్యార్థి మృతి’ అన్న వార్త వారానికొకటి. మొదటిరోజు హత్య అంటారు, తర్వాత ఏమైందో ఎవరూ రాయరు. నిజం ఎలా తెలుసుకోవాలి?
(కరీంనగర్, వరంగల్, గుంటూరు నుంచి పలువురు)

జవాబు: ముందు కొలత. అయిదేళ్లలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారని విదేశాంగ శాఖ 2024 జులైలో లోక్‌సభకు చెప్పింది. అమెరికాలో 108, కెనడాలో 172. జబ్బులు, ప్రమాదాలు, అన్నీ కలిపి. దాడుల వల్ల చనిపోయినవాళ్లు మొత్తం 19, అందులో అమెరికాలో ఆరుగురు. 2023-24 విద్యా సంవత్సరంలో అక్కడ 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. పోయిన ఒక్కొక్క బిడ్డా ఆ ఇంటికి సర్వస్వమే, కానీ ‘వరుస హత్యలు’ అన్న మాటకు ఈ లెక్కలో ఆధారం లేదు.

అక్కడ అనుమానాస్పద మరణం ఎవరిదైనా కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ లేదా కరోనర్ చూస్తారు. మరణ విధానం అన్న గడిలో సహజం, ప్రమాదం, ఆత్మహత్య, పరహత్య, నిర్ణయించలేనిది అని అయిదే రకాలు. తేలేదాకా పెండింగ్ అని రాస్తారు. రక్తంలో మందులు, విషాల పరీక్షకు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఈ జాప్యాన్నే మన దగ్గర ‘పోలీసులు దాస్తున్నారు’ అని రాస్తారు. పరహత్య గడిలో టిక్కు పడితే ఇంకొకరి చేతిలో పోయాడని మాత్రమే అర్థం, నేరమో కాదో కోర్టు తేలుస్తుంది.

కుటుంబం చేయవలసింది: పోలీసు కేసు నంబరు, మెడికల్ ఎగ్జామినర్ కేసు నంబరు రెండూ రాసుకోవడం, ఆ రాష్ట్రాన్ని చూసే కాన్సులేట్‌కు (టెక్సస్ అయితే హ్యూస్టన్) వాటిని ఇవ్వడం. శవపరీక్ష నివేదిక టెక్సస్‌లో అడిగిన ఎవరికైనా ఇచ్చే ప్రభుత్వ పత్రం, న్యూయార్క్‌లో దగ్గరి బంధువులకే ఇస్తారు. రిపోర్టర్లు ఈ తేడా తెలుసుకుని రెండు నెలల తర్వాత మళ్లీ అడగాలి. డైరీలో తేదీ వేసుకుంటే చాలు, ఒక్క ఈమెయిల్ పని.

విరాళాల పేజీ తెరిచే ముందు విద్యార్థి ఆరోగ్య బీమా కాగితాలు తీయండి. చాలా యూనివర్సిటీ ప్లాన్లలో భౌతికకాయాన్ని స్వదేశం పంపే ఖర్చు కలిసే ఉంటుంది, అది బీమా కంపెనీ ఏర్పాటు చేసిన సంస్థ ద్వారా జరిగితేనే చెల్లిస్తారు. ముందే సొంతంగా ఫ్యూనరల్ హోమ్‌తో మాట్లాడేసుకుంటే ఆ డబ్బు రాకపోవచ్చు. ఇక ఫార్వర్డ్ అయి వచ్చిన విరాళాల లింకులో నిర్వాహకుడి పేరు, సొమ్ము అందుకునేవారి పేరు రెండూ చూడండి. రెండోది కుటుంబ సభ్యుడిది కాకపోతే కాలేజీ భారతీయ విద్యార్థి సంఘానికి ఫోన్ చేసి అడిగాకే ఇవ్వండి.

ప్రశ్న: మనవాళ్ల మీద దాడి జరిగినా అక్కడి పత్రికలు వెంటనే విద్వేష నేరం అని ఎందుకు రాయవు?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: కోపంగా అనిపించినా అది సరైన జాగ్రత్తే. విద్వేష నేరం అనేది చట్టంలో విడి అభియోగం, ఉద్దేశం రుజువు కావాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేత బార్‌లో తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన కేసులో కాల్చినవాడు ‘మా దేశం నుంచి పొండి’ అని అరిచినట్టు సాక్షులు చెప్పారు. అయినా మొదట నడిచింది రాష్ట్ర కోర్టులో హత్య కేసు. ఫెడరల్ విద్వేష నేరం అభియోగాలు ఆ జూన్‌లో వచ్చాయి. 2018లో నిందితుడు రెండు చోట్లా నేరం ఒప్పుకున్నాడు, రెండు చోట్లా యావజ్జీవమే.

జాతీయ గణాంకాల్లో ఈ నేరాలు బాగా తక్కువగా కనబడతాయి, చాలా పోలీసు శాఖలు సున్నా అని పంపుతాయి లేదా అసలు పంపవు. ఆసియా సంతతివాళ్ల మీద విద్వేష ఘటనలను నమోదు చేసే స్టాప్ ఏఏపీఐ హేట్ సంస్థ 2020 మార్చి నుంచి రెండేళ్లలో సుమారు 11,500 ఘటనలు సేకరించింది. బాధితులే స్వయంగా చెప్పినవి, ఎక్కువ భాగం నోటి దురుసు. దాన్ని ఎఫ్‌బీఐ నేరాల లెక్క పక్కన పెట్టి పోల్చకూడదు. హిందువులు, సిక్కులపై విద్వేషానికి ఎఫ్‌బీఐ ఫారంలో విడి గడులు 2015 నుంచే ఉన్నాయి. ఆ గడి నిండాలంటే ఫిర్యాదు చేసేటప్పుడే దాడి చేసినవాడు అన్న మాటల్ని ఉన్నదున్నట్టు, వాడు వాడిన భాషలోనే రిపోర్టులో రాయించాలి. ‘తిట్టాడు’ అని మర్యాదగా సర్ది చెబితే ఆఫీసరు మామూలు గొడవ కింద రాసుకుని వెళ్లిపోతాడు. తర్వాత అనుబంధ వాంగ్మూలం ఇవ్వవచ్చు కానీ, మొదటి కాగితంలో లేనిదాన్ని డిఫెన్సు లాయరు ఊరికే వదలడు.